గుత్తి దారిలో ఏడు తలుపులు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఈ ఉద్యోగంలో నేను చేరింది జనసేవ చేయాలని కాదు, బస్సుల్లో పుస్తకాలు చదువుకోవచ్చని. కొత్తవాళ్ళ ఇంటి తలుపు తట్టాలంటే నాకు మహా బెరుకు. తీరా చూస్తే నా పని తలుపులు తట్టడమే.

రాతి పలకలకు పాలిష్ పెట్టే ఫ్యాక్టరీల్లో దుమ్ము కూలీల ఊపిరితిత్తులను ఏం చేస్తోందో మా డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పరీక్షలకు వచ్చారు. ఫ్యాక్టరీ వెనక గదుల్లో ఉండే బెంగాలీ కూలీలు మాత్రం ఒక్కరూ రాలేదు. బెంగాలీ మాట్లాడితే చాలు, ఏ దేశం మీది అని నిలదీసే రోజులివి. “ఆడపిల్ల వెళ్తే తలుపు తీస్తారేమో” అన్నారు డాక్టరుగారు. ఒప్పుకున్నాను.

పొద్దున ఆరింటికి అనంతపురంలో గుత్తి బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, ఆధార్ చూపించాలి. నా వెనక సీటామె సంచీ అంతా వెతికి, “కార్డు ఇంట్లో పెట్టొచ్చినా అన్నా” అంది.

“అయితే నువ్వెవరో నాకెట్ల తెలిసేది? దుడ్లు ఇయ్యి” అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

దారి పొడుగునా వేరుశనగ చేలు మోకాలెత్తు కూడా ఎదగకుండానే ఎండిపోయాయి. ఏడున్నరకు గుత్తిలో దిగి బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. వేడిగా, చవకగా బాగుంది. అక్కడినుంచి తాడిపత్రి వైపు పోయే బస్సులో అరగంట. రోడ్డు పక్కన చెట్ల ఆకులు తెల్లగా కనబడిన చోట దిగాలి. ఆ తెలుపు రాతి దుమ్ము.

మేస్త్రీ ఓబులేసు గేటు దగ్గరే ఆపాడు. “యాడ నుంచి వచ్చినావమ్మా? మొన్ననే ఎవరో కార్డులు చూస్తామని వచ్చి పోయినారు. ఇంగ తలుపు తీస్తారా వీళ్ళు? నువ్వే చూస్తావు పో.”

వెనక రెండు వరసల రేకుల గదులు. ఒక వరసలో లోకల్ వాళ్ళు, ఎదుటి వరసలో బెంగాలీలు. మొదటి మూడు తలుపులూ తెరుచుకోలేదు. నాలుగో తలుపు తీసినామె పేరు మర్జీనా, నా వయసే ఉంటుంది. మూడేళ్ళుగా నీళ్ళ ట్యాంకరు దగ్గర, అంగడి దగ్గర విని విని ఇక్కడి తెలుగు నేర్చుకుంది. లోపల ఆమె భర్త హబీబ్ గోడవైపు తిరిగి దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఆగేదాకా మేమిద్దరం మాట్లాడలేకపోయాం.

“పేరు రాసుకోవా?” అని అడిగింది.

“రాసుకోను.”

“ఫోటో?”

“ఎదకు తీస్తారు. మొహానికి కాదు.”

ఆమె నవ్వింది. “ఎద చూసి యా దేశమో కనుక్కోలేరు కదక్కా?”

హబీబ్ కూడా నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. మర్జీనా నా వెంట వచ్చి తక్కిన తలుపులు తానే తట్టింది. సాయంత్రానికి ఏడు గదులవాళ్ళు ఒప్పుకున్నారు. మర్నాడు పదింటికి ఎక్స్‌రే వ్యాను రావాలి. కాలేజీలో ఉండగా పోలియో చుక్కల పనికి వెళ్ళేదాన్ని. చుక్కలు వేసిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టడం మా అలవాటు. అలాగే ఆ ఏడు తలుపుల మీదా పెద్ద సున్నా చుట్టి, అంకె వేశాను. వ్యానువాళ్ళు వెతుక్కోకూడదని. గుత్తి లాడ్జిలో ఆ పూట గర్వంగా డైరీ రాసుకున్నాను.

పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళాను. తలుపులు శుభ్రంగా ఉన్నాయి. ఏడింటికీ తాళాలు. కింద మట్టి ఇంకా తడిగా ఉంది.

“ఏం రాసినావమ్మా తలుపుల మీద?” అన్నాడు ఓబులేసు.

“పోలియో చుక్కలప్పుడు పెడతారు కదా, ఆ గుర్తు.”

“మా వరసలో లేదు, వాళ్ళ వరసలోనే ఉండాది. ఫోన్లలో ఏమేమో చూస్తాంటారు వాళ్ళు. వాళ్ళను పట్టుకపోయేదానికే గుర్తులు పెట్టినారనుకున్నారు. ట్యాంకరు వచ్చి మూడు దినాలాయ. తాగే నీళ్ళు పోసి తలుపులు కడిగి పోయినారు చూడు.”

లోకల్ వాళ్ళకు పరీక్షలు ముందే అయ్యాయి కాబట్టి వాళ్ళ తలుపుల జోలికి పోలేదు. ఎదుటి వరస నుంచి చూస్తే అదెలా కనిపిస్తుందో నాకు తట్టనే లేదు. పదింటికి వ్యాను వచ్చింది, పన్నెండింటిదాకా నిలబడి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తిరుగు బండి కోసం గుత్తి స్టేషన్‌కు చేరాను. ప్లాట్‌ఫారం చివర మూటల మధ్య మర్జీనా, పక్కనే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని హబీబ్.

“ఆ గుర్తులు నేనే పెట్టాను. వ్యాను కోసం” అన్నాను.

“తెలుసక్కా. నేను చెప్పినా. ఎవురూ వినల్యా.” ఆమె గొంతులో కోపం లేదు. “చెన్నైకి పోతాండాం.”

“వ్యాను గుత్తి దాటి ఉండదు. పిలుస్తాను, ఒక్క గంట ఆగండి.”

హబీబ్ తల అడ్డంగా ఊపాడు. ఆసుపత్రిలో ఏం చెప్పాలో రాసిద్దామని కాగితం తీస్తే మర్జీనా నా చెయ్యి పట్టుకుంది. “కాయితం వద్దు. ఎవురన్నా సోదా చేస్తే అదేమని అడుగుతారు. నోటితో చెప్పు.”

ఏ ఊళ్ళోనైనా సర్కారు ఆసుపత్రికే వెళ్ళమన్నాను, చెప్పవలసినవి మూడు ముక్కలు చెప్పాను. ఆమె తిరిగి అప్పజెప్పింది. మొదటిసారి మధ్య ముక్క మరిచింది. మళ్ళీ చెప్పించాను. అంతలో చెన్నై బండి వచ్చింది.

అనంతపురం బండిలో కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. పుస్తకం ఒళ్ళోనే ఉంది, తెరవలేదు. ఈ దారిన వెళ్ళేవారికి బస్సుల ఇబ్బంది లేదు, లాడ్జి శుభ్రంగా ఉంటుంది, నీళ్ళు మాత్రం వెంట తీసుకెళ్ళండి. ఎవరి తలుపు మీదా ఏమీ రాయకండి. ఆ ఎండిన చేల మధ్య నేను చూసినంతలో, మనుషులకు రోగం కంటే మనుషులంటేనే ఎక్కువ భయంగా ఉంది. హబీబ్ ఎప్పటికైనా ఆసుపత్రి మెట్లెక్కుతాడో లేదో నాకు తెలిసే దారి లేదు. వాళ్ళ చెన్నై బండి కదిలాక కూడా మర్జీనా కిటికీ ఊచలు పట్టుకుని చెబుతూనే ఉంది.

“రాతి దుమ్ము. మూడేండ్లు. ఎదకు ఫోటో తీయల్ల. అంతే కదక్కా?”