కంటి పొర

జ్యేష్ఠం చివర్న సుర్తానాథ్ డేరాలోని చుట్టం కుబుసం విడిచింది. విడిచింది అనడం సరికాదు. తునకలు తునకలుగా రాలింది. ఆ ఏడు గాలిలో తడి లేదు.

చుట్టం అంటే నల్లత్రాచు. పాములాడించుకు బతికే కాల్బేలియాలు పట్టిన పామును అలాగే పిలుస్తారు. బుట్టలో వేయకముందే దాని కళ్ళలోకి చూసి అడుగుతారు: ఫలానా గడువు దాకా మా ఇంట ఉండు, తర్వాత నీ దారి నీది. సుర్తానాథ్ తొలకరి దాకా అడిగాడు. అతని అన్న ఓ పామును గడువు దాటించి ఉంచుకున్న ఏడే తన కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ పిల్లవాణ్ణి పూడ్చడానికి మోసుకెళ్ళింది సుర్తానాథే. అప్పటి నుంచి ఏ పామునూ ఒక్క పూట ఎక్కువ ఉంచుకోలేదు.

ఒంటి మీది పొర ఊడినా కళ్ళ మీది పొర నిలిచిపోయింది. చెయ్యి ఆడించినా పడగ తిరగడం లేదు. ఇలా వదిలితే ఆకలితో చస్తుంది. లేదా గద్ద ఎత్తుకుపోతుంది.

తడిగుడ్డ వేసిన కుండలో ఉంచాడు. గరుకు రాళ్ళ సందుల్లో పాకించాడు. నువ్వుల నూనె అద్దాడు. పొర కదల్లేదు. చివరికి మెడ ఒడిసిపట్టి, బొటనవేలి గోరు కంటి అంచుకు ఆనించాడు.

సజ్జపిండి పిసుకుతున్న భార్య జమ్కూ చేయి ఆపింది.

"ఏమయ్యా, గీరకు. వచ్చే కుబుసంతో అదే పోద్ది. మా అమ్మ నీకన్నా ఎక్కువ పాముల్ని సాకింది."

"మీ అమ్మ సాకిన పామే మీ నాన్నని కరిచింది."

"కరవాల్సినోణ్ణే కరిచిందిలే. నువ్వు ఆగు."

"నేనాగితే మబ్బు ఆగుద్దా? పడమర చూడు."

"నాలుగు చినుకులు పడితే తొలకరా? నేల తడవొద్దూ?"

"మాటకు సందులు వెతక్కే. మా అన్నా అలాగే వెతికాడు."

గోరు దిగింది. పొర లేచింది. దానితో పాటు కన్నూ వచ్చింది. పాము అరవదు. అతని మణికట్టుకు బిగుసుకుని, మెల్లగా వదులైంది.

రెండో కన్ను అతను ముట్టుకోలేదు.

సాయంత్రం వాన పడింది. నేల తడిసింది. సుర్తానాథ్ పామును కంచె అవతల, జమ్మిచెట్టు మొదట్లో దించి, దండం పెట్టి వెనక్కి చూడకుండా వచ్చాడు. వచ్చేసరికి జమ్కూ డేరా ముందు నిలబడి ఉంది. ఆమె చూపు అతని వెనక ఉంది.

పాము నాలుక ఆడిస్తూ, నేలను తడుముకుంటూ వచ్చింది. డేరా ముందున్న తన బుట్ట వాసన పట్టి దాని పక్కనే ఆగింది.

"మూత తియ్యి" అంది జమ్కూ. "ఇంకో కుబుసం దాకా. ఆ ఒక్క కన్నైనా దక్కుద్ది."

"మళ్ళీ అడగాలి."

"అడుగు మరి!"

"ఏ కంట్లోకి చూసి అడగనే?"

అతను బుట్ట తీసి డేరా లోపల బోర్లించాడు. బుట్ట ఉన్న చోట పొడిగా మిగిలిన గుండ్రటి నేల మీద పాము చుట్ట చుట్టుకుంది. కాసేపటికి అదీ తడిసింది.

వాన వెలిస్తే గద్దలు దిగుతాయి. వెలవకూడదని మొక్కుకుంటూ సుర్తానాథ్ డేరా వాకిట్లో కూర్చున్నాడు.