అత్తయ్య కొంగుముడి

అండమాన్ ఓడలు బయల్దేరే ఖిదిర్‌పూర్ రేవు పక్కనే మా ఇల్లు. మామయ్య పోయాక అత్తయ్య గుమ్మం దాటడమే మానేశారు. కిందటేడు బతిమాలి అండమాన్ ఓడెక్కించాం. అక్కడ మొసళ్ల కోసం, తాబేళ్ల కోసం దీవులన్నీ తిరిగినా ఒక్కటీ కనపడలేదు. అత్తయ్య మాత్రం ఒడ్డున ఏరిన చిన్న శంఖాన్ని కొంగున ముడేసి నడుముకి దోపుకున్నారు.

పడవ కోసం వరసలో నిలబడి ఉండగా ఆవిడ కెవ్వున అరిచి నడుం పట్టుకున్నారు. పామేమోనని జనం చెదిరిపోయారు. నేను ముడి విప్పితే, శంఖంలోంచి కాళ్లు చాపింది, ఖాళీ శంఖాల్లో కాపురముండే ఓ పీత. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అత్తయ్య దాన్ని ఇసకలో వదిలి పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"ఇల్లు వీపునేసుకుని మరీ తిరుగుతోంది సూడు. నాకేటొచ్చిందే, కొంపలో కూకోడానికి?" అన్నారు.

అండమాన్‌లో జంతువులెక్కడ కనపడతాయని అడిగినవాళ్లకి ఇప్పటికీ కొంగు చూపిస్తారు.