వెయ్యిన్నీ తొమ్మిది జతల పడుగు

తెజెన్ ఊరి చుట్టుపక్కల ఏ ఇంట్లో పెద్ద తివాచీ మొదలుపెట్టినా పడుగు వేయడానికి ఒగుల్‌బిబినే పిలిచేవారు. అంచులు పోను వెయ్యిన్నీ ఎనిమిది జతల దారాలు, ఎప్పుడూ అంతే. ఆ సంఖ్యను శేషం లేకుండా భాగించేవి ముప్ఫై సంఖ్యలున్నాయని ఆమె కొడుకు, లెక్కల మాస్టారు మెరెద్, పెళ్ళిపందిట్లో పులావు ముందు కూర్చుని కూడా ప్రకటించేవాడు. ఒగుల్‌బిబికి ఆ ముప్ఫైతో పని లేదు. అడ్డంగా ఏడు పూలు కావాలన్నా, ఎనిమిదన్నా, తొమ్మిదన్నా ఒక్క ముడి మిగలకూడదు, అంతే.

కళ్ళకు పొర కమ్మాక కూడా పడుగు ఆమే వేసేది. ఆమె వేసింది మళ్ళీ లెక్కపెట్టడమంటే ఆ ఇంట్లో దైవదూషణ కింద లెక్క. అందుకే ఆ చలికాలం జానెడు నేశాక గానీ కోడలు బోస్సాన్‌కు తెలియలేదు: చివరి పువ్వు పక్కన ఒక జత మిగిలిపోయింది.

మెరెద్ మోకాళ్ళ మీద పాకుతూ లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో వెయ్యిన్నీ తొమ్మిదిని భాగించి చూశాడు. ఒక్కదానికీ లొంగలేదని, చావుకబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించి భార్యకు విన్నవించాడు. అత్తకు తెలిస్తే కుంగిపోతుందని బోస్సాన్ అతని చేత ఒట్టు వేయించుకుంది. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా ఆ జతను కత్తిరించి లాగేసి, అంచు కుట్టేసింది.

సాయంత్రం ఒగుల్‌బిబి అంచు వెంబడి అరచెయ్యి పోనిచ్చి ఆగింది.

"ఇక్కడి జత ఏమయిందే?"

"ఏ జత అత్తా? అన్నీ ఉన్నాయిగా."

గణితశాస్త్రం ముందు ఒట్టు నిలవలేదు. "అమ్మా, అది ప్రధాన సంఖ్య అయి కూర్చుంది," అన్నాడు మెరెద్. "ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదు."

"మీ నాన్న లాంటిదన్నమాట. ఎవరి మాటకీ లొంగదు."

కొడుకూ కోడలూ నవ్వేశారు. ఆమె నవ్వలేదు.

"మా అత్త పడుగు లెక్క తప్పినప్పుడు వీధంతా వినేలా ఎగతాళి చేశాను. నన్ను తిట్టిపోసి, మళ్ళీ వేసింది. నువ్వు మాత్రం నేను పడుకున్నాక తీశావు. చచ్చినదాని సామాను సర్దినట్టు."

బోస్సాన్ అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. మొత్తం ఊడదీసి ఇద్దరం కలిసి వేద్దామంది. అక్కర్లేదని, కుట్టు బాగానే కుదిరిందని ఒగుల్‌బిబి ఎంతో మర్యాదగా చెప్పింది. కోడలితో ఆమె అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదలు. ఆ తర్వాత పడుగు కోసం ఎవరొచ్చినా, మా కోడలు వేస్తుందని గడప దగ్గరే చెప్పి పంపేసేది.

వసంతంలో బోస్సాన్ కొత్త పడుగు మొదలుపెట్టింది. దారం చుట్టే అవతలి గూటం దగ్గర పొరుగావిడ దారపు ఉండ అందుకుంటోంది. ఒగుల్‌బిబి కాస్త పక్కకు తిరిగి, కంబళి మీద పచ్చ టీ తాగుతోంది. బోస్సాన్ జతలు పైకే లెక్కపెడుతూ, నలభై ఏడు తర్వాత నలభై తొమ్మిది అని గట్టిగా అని, ఉండ చేత్తో పట్టుకుని, అత్త వైపు చూస్తూ ఆగిపోయింది.

పొరుగావిడ తలెత్తి చూసింది. ఒగుల్‌బిబి టీ గిన్నె నోటిదాకా తీసుకెళ్ళి, ఒక గుక్క తాగి, తిరిగి పళ్ళెంలో పెట్టింది.

"నలభై ఎనిమిది," అని బోస్సాన్ తనే దిద్దుకుంది.