సామ్యేలు పక్కన ఎవరున్నారు?

లిడియా చేతిలో చచ్చినవాళ్లకు లెక్కేలేదు. పగలంతా యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగిరీ, సాయంత్రం తార్నాకలో ఇంటికొచ్చి టీ తాగి మనుషుల్ని చంపడం. ఫోన్లో కథలు వినిపించే ఒక కంపెనీకి డిటెక్టివ్ సీరియళ్లు రాస్తుందిలెండి. తాళం వేసిన గదులు, మారిపోయిన గ్లాసులు, అబ్బో, చిక్కుముడి వెయ్యడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మనుషులు మాత్రం ఉత్త చెక్కబొమ్మలు.

ఆ మాట అన్నది ఎడిటర్ కౌముది. "మేడం, మీ పజిల్ మస్తుంటది. గని సచ్చినోని కోసం ఎవ్వరూ ఏడుస్తలేరు. వాడు మనిషి లెక్క ఉండాలె గదా?"

లిడియాకు ఒళ్లు మండింది. మండితే మండింది గానీ, కొత్త సీరియల్లో చావబోయే సామ్యేలుకు తన తమ్ముడు శాంసన్‌ను అరువిచ్చింది. శాంసన్ నిరుటి వానల్లో పొద్దున్నే క్యాంపస్‌లోకి వాకింగ్‌కని వెళ్లి, చెట్ల కింద దారిలో గుండె ఆగి కుప్పకూలిపోయాడు. ఎవరో చూసేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. అతని దగ్గు, గేటు గొళ్లెం వేసి మళ్లీ లాగి చూసుకునే అలవాటు, ఆ తడి దారులు, ముసురు, అన్నీ కథలోకి వచ్చేశాయి. రాస్తూంటే నిజంగానే గేటు దగ్గర గొళ్లెం చప్పుడయ్యేది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. లిడియాకు భయం వేసేది. రాయడం మానేస్తే ఆ చప్పుడు కూడా పోతుందేమోనని అంతకన్నా భయం వేసేది.

చిక్కంతా తల్లి రత్నమ్మతో వచ్చింది. ఏ రోజు భాగం ఆ రోజు వినేది. ఒక సాయంత్రం ఇంటి ప్రార్థనలో, జబ్బుపడ్డ సంఘస్థుల పేర్ల మధ్య, "సామ్యేలును కాపాడు తండ్రీ" అంది. లిడియా ఠక్కున కళ్లు తెరిచింది. కథలో మనిషికి ప్రార్థనేమిటి, విడ్డూరం కాకపోతే! నవ్వేద్దామనుకుంది, నవ్వు రాలేదు.

"వాణ్ణి చంపుతావా?" అనడిగింది రత్నమ్మ ఆ తర్వాత.

"చంపాలమ్మా. వాడు చావకపోతే కథే లేదు."

రత్నమ్మ కొంగు మడతపెట్టుకుంటూ కూర్చుంది. "పోనీలే. వాణ్ణి ఒక్కణ్ణే మాత్రం పోనివ్వకే. ఈసారైనా పక్కన ఎవరో ఒకరు ఉండాలి."

అసలు సామ్యేలు ఒంటరిగా చావడంలోనే ఉంది కిటుకంతా. వానకు నానిన మట్టిలో అతని అడుగులు తప్ప ఇంకొకరివి లేవు, మరి పొడిచిందెవరు? ఆ ముడి కోసం లిడియా బుర్ర బద్దలు కొట్టుకుంది. పక్కన ఒక్క మనిషి వచ్చి కూర్చుంటే చేసిందంతా నీళ్లపాలు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చుని రాసేసింది. క్యాంపస్ ఊడ్చే సాలమ్మ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది. సామ్యేలు తల ఒళ్లో పెట్టుకుంది. సీసాలో నీళ్లు కొద్దికొద్దిగా నోట్లో పోసింది. వాన పడకుండా మొహానికి కొంగు అడ్డం పట్టి, "నేనున్న బిడ్డా" అంది.

మర్నాడు కౌముది ఫోన్. "ఏంది మేడం గిది? గామె అడుగులు పడ్డయి గదా! పజిల్ మొత్తం ఖరాబైంది!" అంతలోనే ముక్కు ఎగబీల్చింది. "గని నాకైతే ఏడుపొచ్చింది. ఇట్లనే పంపిస్త, ఏమన్న గానీ."

ఆ భాగం వచ్చిన రోజు రత్నమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని విన్నది. కొడుకు సమాధి రోజున కూడా బిగబట్టుకుని నిలబడిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది. లిడియా ఆమె భుజం పట్టుకుని తనూ ఏడ్చింది. ఏడ్చాక ఇద్దరికీ గుండె బరువు దిగినట్టయింది.

రత్నమ్మ ముఖం కడుక్కుని వచ్చింది. "ఆవిడ ఎక్కడుంటుందే?"

"ఎవరమ్మా?"

"ఆ సాలమ్మ. నా బిడ్డకు నీళ్లు పోసిన మనిషి."

అది కథే కదమ్మా అనబోయింది లిడియా. తల్లి కళ్లలోకి చూసి, ఆ మాట మింగేసి, "లాలాపేట్‌లో" అంది.

రత్నమ్మ బీరువా తెరిచి, తను ఇంకా కట్టని కొత్త చీర తీసి సంచిలో పెట్టుకుంది. గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ, "ఆటో పిలవవే" అంది.