ముందు గేటులో మసక్క

ఆ కార్ఖానాలో ఆమెను అందరూ మసక్క అనేవారు. మసి పూసే అక్క కాబట్టి మసక్క. మసక పోగొట్టే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వితే, "పేరు పెట్టినవాడికి చూపు ఆనదులే" అనేది, చేతిలో కుంచె ఆపకుండా.

అక్కడ భూమి కొలిచేవాళ్ళకు దుర్భిణులు, ఆసుపత్రులకు ఎక్స్-రే కెమెరా పెట్టెలు తయారయ్యేవి. రోగి ఛాతీలోంచి వచ్చిన కిరణాలు ఒక తెర మీద పడి సన్నగా మెరుస్తాయి. పెట్టెకు అవతలి చివర ఉన్న కెమెరా ఆ మెరుపును ఫొటో తీస్తుంది. దుర్భిణి గొట్టమైనా, ఈ పెట్టె అయినా, లోపలి గోడలు కటిక నలుపుగా ఉండాలి. దారి తప్పిన వెలుగు గోడకు తగిలి ఎగిరి లెన్సులో పడిందంటే బొమ్మంతా పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోతుంది. ఊపిరితిత్తిలో ఉన్న చిన్న మచ్చ ఆ తెలుపులో కలిసిపోతుంది.

ఈ సంగతి ఆమెకు చెప్పినవాడు ముసలి మేస్త్రీ. ఆమె పనిలో చేరిన కొత్తలో రెండు దుర్భిణులు చేతికిచ్చి, ఎండలో ధగధగలాడుతున్న నీళ్ళ ట్యాంకు మీద రాసిన అంకెలు చదవమన్నాడు. మొదటిదాంట్లో అంకెలే లేవు. రెండోదాంట్లో అంకెల పక్కన పెచ్చులూడిన సున్నం కూడా కనిపించింది.

"లెన్సు మార్చారా తాతా?"

"లెన్సు రెండిట్లోనూ ఒకలాంటిదే. రెండోదాని లోపల నలుపు వేశాం, అంతే."

లెన్సుల హాల్లో కూర్చుని చేసే పని ఖాళీగా ఉన్నా, తెల్లకోటు ఇస్తామన్నా, ఆమె ఈ పూత వేసే నలుపు గదే కావాలంది. ఇంట్లో అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఉతికిన దుప్పటి మీద అయిదు వేళ్ళూ అచ్చు గుద్దావు కదే! పోలీసులు కూడా ఇంత బాగా తీయరు" అని దులిపేసేది. భర్త మాత్రం ఏమీ అనేవాడు కాదు. అతను అదే కార్ఖానా ముందు గేటు దగ్గర వాచ్‌మన్. మాట్లాడకుండా ఉండటం అతని ఉద్యోగంలో సగం.

దీపపు మసిని వార్నిష్‌లో కలిపి, ఆరాక నిగనిగలాడకుండా గరుకు తేలేలా పలచగా పూత మీద పూత వేయాలి. దారి తప్పిన వెలుగును ఆపడానికి గొట్టం లోపల వరుసగా బిగించే రింగుల అంచులు కత్తివాదరలా సన్నగా అరగదీయాలి. అంచు మందమైతే వెలుగు దానికే తగిలి ఎగురుతుంది. నలుపు వేయడం మరిచిపోయిన ఒక్క మరమేకు తల చాలు, పనంతా బూడిదలో పోసిన పన్నీరే. పూత పూర్తయ్యాక ఆమె కెమెరా ఉండాల్సిన చోట తన కన్ను పెట్టి చూసేది. అక్కణ్ణుంచి తనకు ఏది మెరిసినా కెమెరాకూ మెరుస్తుంది. మెరిసిందంటే గీకి మళ్ళీ మొదలు.

ఇలా ఏళ్ళు గడిచాక ఒక రోజు లెన్సుల హాల్లో గగ్గోలు పుట్టింది. తళతళలాడే లెన్సు మీద నల్లటి వేలిముద్ర. వెతికితే తలుపు పిడి మీదా మసి, గోడ మీదా మసి. మేనేజరు ఆ సాయంత్రమే ఆర్డరు వేశాడు. లెన్సుల హాలు ముందు గేటు దారిలోనే ఉంది కాబట్టి నలుపు గదివాళ్ళు ఇకమీదట వెనక గేటులోంచే రావాలి, పోవాలి.

వెనక గేటంటే తుక్కు కుప్ప, మురుగు కాలవ, చెత్త లారీలు. నలుపు గదిలో మిగతా ఆడవాళ్ళు గొణిగారు, తిట్టుకున్నారు, మర్నాడు వెనకనుంచే వచ్చారు. మసక్క ముందు గేటుకే వచ్చింది.

భర్త అడ్డం నిలబడ్డాడు. "అటు తిరిగి రా."

"ఎందుకు?"

"ఆర్డరు."

"ఇన్నేళ్ళూ ఈ గేటు తీసింది మీరే కదా. ఈ రోజు నేనెవరో తెలియదా?"

"ఇంటి సంగతులు ఇక్కడ వద్దు. పదిమంది చూస్తున్నారు."

"చూడనివ్వండి. నేనేమైనా దొంగతనానికి వచ్చానా?"

సైరన్ మోగింది. గేటు మూసుకుంది. ఆమె ఎండెక్కేదాకా అక్కడే నిలబడి, ఇంటికి వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారికి విషయం తెలిసింది. కోడలి మసి చూస్తే మండిపడే ఆవిడ కొడుకు మీద విరుచుకుపడింది.

"ఒరేయ్, దాన్ని గేటు బయట నిలబెట్టి, ఇంటికొచ్చి దాని చేతి వంట తినడానికి నీకు సిగ్గు లేదట్రా?"

"నా ఉద్యోగం పోతుందమ్మా."

"పోతే పోనీ. నా కోడల్ని నేను తిడతాను, అది నన్ను తిడుతుంది. మధ్యలో ఆ మేనేజరెవడు?"

అతను తినకుండా కంచం పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు మసక్క మళ్ళీ ముందు గేటుకే వచ్చింది. ఈసారి భర్త నోరు తెరిచేలోపే, తన కుడి అరచేయి చాపి, అతని తెల్ల యూనిఫాం చొక్కా మీద, సరిగ్గా గుండెల దగ్గర గట్టిగా అదిమింది. పనిలోకి వస్తున్న జనం అలాగే ఆగిపోయారు. ఆమె చేయి తీసింది. చొక్కా మీద చిన్న మరక కూడా లేదు.

"అంటిందా?"

అతను చొక్కా చూసుకున్నాడు. ఆమె అరచేతి గీతల్లో ఇంకిపోయిన నలుపు చూశాడు. "లేదు" అన్నాడు.

"పొద్దున వచ్చేటప్పుడు నా చేతి మసి ఎవరికీ అంటదు. మరి నన్నెందుకు ఆపుతున్నారు?"

అతను పక్కకు జరిగి నిలబడ్డాడు. అప్పటికే మేనేజరు మెట్లు దిగి వచ్చాడు.

"ఏమ్మా, ఏమిటీ నాటకం? ఆ లెన్సు మీద వేలిముద్ర ఎవరిది మరి?"

"మాదే సార్. నేను కాదనలేదు." ఆమె గొంతు తగ్గలేదు. "మాకున్నది ఒకే కుళాయి, అదీ బయట, దారంలా కారుతుంది. సాయంత్రం పదిమందిమి దాని దగ్గర నిలబడితే చేతులు శుభ్రమవుతాయా? కడుక్కునే గది కట్టించండి. సబ్బు పెట్టించండి. ఆ తర్వాత మసి కనిపిస్తే నన్ను అడగండి."

"సరే, చూద్దాం. అది కట్టేదాకా వెనకనుంచి రండి."

"కట్టేదాకా కూడా ముందునుంచే వస్తాం. కడుక్కోవడానికి నీళ్ళివ్వకుండా, చేతులు నల్లగా ఉన్నాయని వెనక్కి పంపిస్తే ఒప్పుకోం."

"పని కావాలా వద్దా నీకు?"

"కావాలి. ఈ గేటులోంచే కావాలి."

వెనకనుంచి వచ్చి లోపల ఉన్న నలుపు గది ఆడవాళ్ళు అప్పటికి ఒక్కొక్కరే ఆవరణలోకి వచ్చారు. ఎవరూ పిలవలేదు. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ గేటు దాటి రోడ్డు మీదకు వెళ్ళి, వెనక్కి తిరిగి, అదే గేటులోంచి మళ్ళీ లోపలికి నడిచింది. ఆవిడ వెంట మిగతావాళ్ళు. వాచ్‌మన్ ఒక్కరినీ ఆపలేదు. మేనేజరు మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆర్డరు చించలేదు, మళ్ళీ చదవనూ లేదు. చేతులు కడుక్కునే గది నానుతూ నానుతూ లేచింది. ఇరుకుది, చలికాలం నీళ్ళు జివ్వుమంటాయి. సబ్బు మాత్రం మసక్క పోరు పడలేక మంచిదే తెప్పించారు. తలుపు పిడి మీద నలుపు మళ్ళీ కనిపించలేదు.

వాచ్‌మన్‌ను చెత్త లారీలు తప్ప ఎవరూ రాని వెనక గేటుకు వేశారు. అతను ఇంటికొచ్చి చెబితే తల్లి ఫక్కున నవ్వింది. "మంచిదేరా, అక్కడైతే ఎవర్నీ ఆపక్కర్లేదు" అంది. అతనూ నవ్వాడు.

మసక్క నవ్వలేదు, ఆమె ధ్యాస వేరే చోట ఉంది. వార్నిష్ వాసనకు నలుపు గదిలో పెద్దావిడ దగ్గు ఎక్కువైంది. మర్నాడు పొద్దున మసక్క ముందు గేటులోంచి లోపలికి వచ్చి, నలుపు గది వైపు తిరగకుండా, నేరుగా మేనేజరు గది మెట్లెక్కింది.

"మళ్ళీ ఏమిటమ్మా?" అన్నాడాయన.

"గాలి బయటికి లాగే ఫ్యాన్ కావాలి సార్" అని, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.