రేపటి బుట్ట

2006 జూన్ 12, సోమవారం. ముక్తేశ్వరం, కొబ్బరి కొట్టు. ఉన్నవారు: షావుకారు గారు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు, కాయ వినే పెద్దాయన, గుమ్మం అవతల కాయలు మోసే ఆడవాళ్ళిద్దరు, గుమస్తాగా నేను.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. నలభై ఏళ్ళలో నేను నింపకుండా వదిలిన పేజీ అదొక్కటే. అక్కడ ఉండాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

మా కొట్టు నుంచి కురిడీ కాయలు దుబాయి వెళ్ళేవి. కొబ్బరికాయని ఏడాదిపాటు అటక మీద ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి ఎండి పెంకు నుంచి విడిపోతుంది. అదే కురిడీ. పగలగొట్టకుండా అది ఎండిందో కుళ్ళిందో తెలియాలంటే చెవి దగ్గర ఆడించి వినాలి. మా కొట్టులో ముప్పై ఏళ్ళుగా ఆ పని పెద్దాయనది. గోనెపట్టా మీద కూర్చుని, ప్రతి కాయనీ ఎడమ చెవి దగ్గర రెండుసార్లు ఆడించి, మంచిదైతే కుడివైపు, కాకపోతే ఎడమవైపు వేసేవాడు. తేలనిదాన్ని వెనకనున్న బుట్టలో పెట్టి, "రేపొద్దున్న వింటానండి" అనేవాడు. పగటి వేడికి దాక్కున్న కుళ్ళు రాత్రి చల్లబడ్డాక గొంతు విప్పుతుందని ఆయన నమ్మకం. ఆడవాళ్ళు దానికి రేపటి బుట్ట అని పేరు పెట్టుకున్నారు.

"తాతా, మా ఆయన్ని కూడా ఓసారి ఆడించి చూడు. మంచోడో కాదో ఇన్నేళ్ళైనా తేలట్లేదు."

"తేలకపోతే బుట్టలో పడెయ్యవే. పొద్దున్నకి వాడే మోగుతాడు."

ఆ ఏడు మాఘమాసంలో యంత్రం వచ్చింది. దుబాయి వ్యాపారి పంపించాడు. ఒక బెల్టు, చిన్న సుత్తి, మైకు, వాటికి తగిలించిన కంప్యూటరు. మనిషి చెవిని నమ్ముకుని సరుకు తెప్పించుకోలేనని, ఇకమీదట యంత్రం విన్న కాయలే తీసుకుంటానని కబురు. "దీనికి మనం రూల్స్ చెప్పక్కర్లేదండి. చూపిస్తూ ఉంటే అదే నేర్చుకుంటుంది" అన్నాడు ఇంజనీరు. నేర్పాల్సింది పెద్దాయన. అది నేర్చుకుంటే తన పని ఏమవుతుందని ఆయన అడిగాడు. "నీ గోనెపట్టా ఎక్కడికీ పోదయ్యా" అన్నారు షావుకారు గారు.

పెద్దాయన కాయ విని చెప్పాలి, నేను కాగితం మీద గుర్తు పెట్టాలి, ఆ తర్వాత అదే కాయ బెల్టు ఎక్కాలి. మంచిదైతే కుడి గడి, కానిదైతే ఎడమ గడి. మధ్యలో తేలని కాయలు రానే వచ్చాయి.

"ఇది రేపొద్దున్న చెప్తానండి."

"అలా కుదరదు తాతగారూ. దీనికి రెండే గడులు." ఇంజనీరు నావైపు తిరిగాడు. "ఖాళీ వదిలితే అది తీసుకోదు మాస్టారూ. ఏదో ఒకటి పెట్టెయ్యండి."

ఖాళీ గడి అంటే నాకు మొదటి నుంచీ పడదు. తేలని కాయలన్నిటికీ మంచిదని గుర్తు పెట్టేశాను. పెద్దాయనని అడగలేదు. మర్నాడు ఆయన బుట్ట విన్నాక దిద్దుదామనుకున్నాను. మర్నాటికి ఇంజనీరు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేశాడు. దిద్దమని అడగడం నామోషీ అనిపించింది.

వేసవిలో యంత్రం పనిలోకి దిగింది. పెద్దాయన రోజంతా వినే కాయల్ని అది టిఫిను వేళకే వినేసేది. ఆయనకి ఇక్కడి సంతలకి పోయే కాయలు మిగిలాయి. అది విన్న మొదటి సరుకు దుబాయిలో విప్పేసరికి వాసన కొట్టిందట. కారణం తేలేదాకా ఇంకో కాయ పంపవద్దన్నారు. అందుకే జూన్ 12న ఆ సమావేశం.

ఇంజనీరు కంప్యూటరు తెర చూపించాడు. "మెషీన్ తప్పు లేదండి. ఇలా మోగే కాయలన్నీ మంచివని తాతగారే నేర్పారు. ఇవిగో."

"ఏమయ్యా, ముప్పై ఏళ్ళు నీ చెవిని నమ్మేను. ఇదా నువ్వు విన్నది?" అన్నారు షావుకారు గారు.

"నేనలా చెప్పలేదండి."

"కాగితం మీదుంది కదా. గుమస్తా గారి రాత తప్పుతుందా?"

అందరూ నావైపు చూశారు. ఇంకో ఏడాదిలో పని మానుకోబోతున్నాను. మచ్చ లేకుండా వెళ్ళాలని ఆశ. కాగితం తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, "రాసి ఉన్నది అదేనండి" అన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అలా కుదిరే మాట వెతికి మరీ అన్నాను.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు షావుకారు గారు.

"ఆయ్" అన్నాడు పెద్దాయన. తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. యంత్రానికి మళ్ళీ మొదటి నుంచి నేర్పుతామని దుబాయికి ఉత్తరం నేనే రాశాను. తప్పు దిద్దుకునే వీలు దానికి దొరికింది.

మర్నాడు ఏడింటికి నేను కొట్టు తలుపు తీయడానికి వెళ్ళేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బుట్ట ఉండిపోయిందండి" అన్నాడు.

లోపలికి వచ్చి గోనెపట్టా పరుచుకున్నాడు. బుట్టలో పదిహేడు కాయలున్నాయి. ఒక్కొక్కటీ తొందరపడకుండా ఆడించాడు. ఆరు కుడివైపు, పదకొండు ఎడమవైపు. ఆ పదకొండులాంటివాటికే నేను మంచివని గుర్తులు పెట్టాను.

"చదువు రానోణ్ణే గానీ గుమస్తా గారూ, మీ పెన్ను ఏ గడిలోకి పోతందో కనపడదేటండీ? ఆరోజే చూసేను."

"మరి నిన్న చెప్పలేదేం?"

"మీరు చెప్తారనుకున్నానండి."

గోనెపట్టా మడిచి, కొట్టుది కాబట్టి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను పిలవలేదు.

ఎనిమిదింటికి ఇంజనీరు వచ్చాడు. మళ్ళీ నేర్పాలంటే సరిగ్గా ఏరిన కాయలు కావాలి, ఎక్కడైనా ఉన్నాయా అని అడిగాడు. ఆ పదిహేడూ ఇచ్చాను. ఈసారి గుర్తులన్నీ సరిగ్గా పెట్టాను.