పసుపు గుడ్డ కట్టిన మామిడి చెట్టు

నా చిన్నప్పుడు మా ఊరు సాతంరాయి మీదుగా విమానాలు పోయేవి కావు. పొద్దుగూకితే మా పెరటి మామిడి తొర్ర దగ్గర గుడ్లగూబ కూసేది, వణుకుతున్న గొంతుతో. ఆ ఏడు మా అమ్మకు నెలలు నిండాయి. అంతకుముందు పుట్టిన తమ్ముడు దక్కలేదు. అందుకే పామును చూసినా బెదరని మా బాపు ఆ కూతకు బెదిరిపోయేవాడు.

ఒకరోజు ఎండు మిరపకాయలు, పిడకలు, గొడ్డలి తెచ్చి చెట్టు కింద పెట్టాడు. "గది కూస్తే ఇంటికి మంచిది కాదవ్వా. పొద్దుగాల పొగ పెట్టి కొమ్మ కొట్టేస్త" అన్నాడు. మా నాయనమ్మ వాదించలేదు. కొడుకు మొండితనం ఆమెకు తెలియనిదా!

తెల్లారేసరికి చెట్టుకు పసుపు గుడ్డ, కుంకుమ బొట్లు, వేపమండలు. "కోడలి కాన్పు మంచిగ కావాలని అమ్మవారికి మొక్కిన. పురుడు దాకా గీ చెట్టును ముట్టొద్దు" అంది నాయనమ్మ. బొట్టు పెట్టిన చెట్టు మీద మా వైపు ఎవరూ చెయ్యి వెయ్యరు. బాపు గొడ్డలి దించి దండం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తొర్ర చూపించింది. మగపక్షి ఎలుకను తెచ్చి లోపలికి అందించి పోయింది.

"ఆడది గుడ్ల మీద కూసున్నది బిడ్డా. మీ అమ్మ లెక్కనే పిల్లల కోసం చూస్తున్నది. ఒక తల్లి గూడు కూల్చి ఇంకో తల్లికి మంచి అడుగుతమా?"

మొక్కిన మాట నిజమేనా అని అడిగాను. ఆమె నవ్వింది. "పొద్దుగాల ఉత్తదే. ఇగ ఇప్పుడు నిజంగనే మొక్కుతున్న" అంటూ చెట్టుకు చేతులు జోడించింది.

చెల్లెలు క్షేమంగా పుట్టింది. కొన్నాళ్లకు తెల్లటి నూగుతో గుడ్లగూబ పిల్లలు కొమ్మ మీదికొచ్చాయి. "చప్పుడు చెయ్యకుండ్రి, పిల్లలు బెదురుతయి" అని మమ్మల్ని గదిమింది ఎవరనుకున్నారు, మా బాపే! చెల్లెలు ఇంటికొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాయనమ్మకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు బాపు నాకిచ్చిన ఈ ఇంటికే మా మనవరాలు కాన్పుకు వచ్చి ఉంది. నిన్న విమానం మోత తగ్గాక అదే చెట్టు మీంచి కూత వినిపించింది. పై వాటాలో కిరాయికుంటున్న కోస్తా అమ్మాయి కంగారుగా దిగొచ్చి, "అమ్మమ్మగారూ, ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉందండీ. టపాసులు కాలిస్తే పోతుందేమో" అంది, పాపం, మా మంచి కోరే.

నేను వాదించలేదు. పాత చీర చింపి పసుపు నీళ్లలో ముంచి, ఆ అమ్మాయి చేతనే చెట్టుకు కట్టించాను. నా మొక్కు మాత్రం మొదటి నుంచీ నిజమైనదే. ఇద్దరు తల్లుల కోసమూ మొక్కాను.